మార్చేదేదో బకెట్లో మార్చు

హిందూపురం,
ఆదివారం.

చిరంజీవి కార్తీక్‌కు మీ అత్త ఆశీర్వదించి రాయునది.

నువ్వు ఫోన్లో చెప్పింది సగం వినపడింది, సగం మగ్గాల చప్పుడులో పోయింది. నాకు అర్థమైనంత వరకు సంగతి ఇది. మూడడుగుల చేపల తొట్టి కొన్నావు. బోరు నీళ్లు నింపి, కాగితం ముంచి చూస్తే పీహెచ్ 8.4 దగ్గర రంగు తేలింది. నీకేమో నియాన్ టెట్రాలు కావాలి, వాటికి 6.5 ఉండాలని ఎవరో చెప్పారు. పీహెచ్ తగ్గించే మందు సీసా కూడా కొనుక్కొచ్చావు, ఈ రాత్రికి పోయమంటావా అని అడుగుతున్నావు.

వద్దు. సీసా మూత బిగించి అటకెక్కించు. ఎందుకు వద్దో చెప్పాలంటే మన నేల దగ్గర మొదలుపెట్టాలి. నీళ్ల ల్యాబులో పనిచేసి రిటైరైనదాన్ని, కాబట్టి కాస్త పొడుగ్గానే చెబుతాను, ఓపిక పట్టు.

మన ధర్మవరం, పెనుకొండ, హిందూపురం వైపు బోర్లలో 8 దాటిన పీహెచ్ వింతేమీ కాదు. మనుషులు తాగే నీటికి మన దేశపు ప్రమాణమే 6.5 నుంచి 8.5 దాకా ఒప్పుకుంటుంది. మన కింద ఉన్నదంతా గ్రానైటు జాతి రాయి. వాన నీరు మట్టిలో దిగేటప్పుడు అక్కడి వేళ్లు, సూక్ష్మజీవులు వదిలిన కార్బన్ డయాక్సైడును కలుపుకుని కాస్త పులుపెక్కుతుంది. ఆ పులుపు రాతిని కొద్దికొద్దిగా కరిగిస్తూ పోతుంది, కరిగాక నీళ్లలో మిగిలేది బైకార్బొనేటు. వానలు బాగా పడే సీమలో ఇదంతా ఎప్పటికప్పుడు కొట్టుకుపోతుంది. మనకు ఏడాదికి పడేది 550 మిల్లీమీటర్ల చిల్లర వాన, దానిమీద ఈ ఎండ. అందుకే ఉప్పులు నేలలోనే చిక్కబడతాయి. పొలాల్లో తెల్లగా సున్నపు గడ్డలు తేలేది ఇందుకే. సోడియం బైకార్బొనేటు ఎక్కువై, కాల్షియం గడ్డకట్టి తగ్గిపోయిన చోట రాతిలోని ఫ్లోరైడు కూడా సులువుగా నీళ్లలోకి దిగుతుంది. మన జిల్లా పల్లెల్లో పళ్ల మీద గోధుమ మచ్చలకూ, నీ తొట్టిలో 8.4కూ మూలం ఒక్కటే.

ఇక నీ మందు సీసా సంగతి. పీహెచ్ ఎంతో చూశావు గానీ కేహెచ్ ఎంతో చూడలేదు. కేహెచ్ అంటే నీళ్లలో ఉన్న బైకార్బొనేటు, కార్బొనేటుల లెక్క. దాన్ని డిగ్రీల్లో కొలుస్తారు, ఒక డిగ్రీ అంటే లీటరుకు 17.9 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేటుకు సమానం. కేహెచ్ చెరువు కట్ట లాంటిది. పోసిన ఆమ్లాన్ని అది మింగేస్తుంది. సాయంత్రం నువ్వు మందు పోస్తే కాగితం 7.4 చూపిస్తుంది, నీకు సంతోషం. బైకార్బొనేటును ఆమ్లం కార్బన్ డయాక్సైడుగా మార్చింది కాబట్టి పీహెచ్ పడింది. తెల్లారేసరికి గాలి మోటారు ఆ వాయువును ఎగరగొట్టేస్తుంది, పీహెచ్ మళ్లీ 8.2కు ఎక్కి కూర్చుంటుంది. నువ్వు మళ్లీ పోస్తావు. చేప రోజూ ఒకసారి కిందికీ ఒకసారి పైకీ ఊగుతూ ఉంటుంది. కట్టలో మట్టి ప్రతిసారీ కాస్త కాస్త తరిగిపోతుంది. ఒక రోజున నువ్వు రోజూ పోసినన్ని చుక్కలే పోస్తావు, ఆ రోజు మాత్రం పీహెచ్ 5కు జారిపోతుంది, ఇక ఆగదు. అలా జరిగిన మర్నాడు చేపలు పైకి తేలి నోళ్లు తెరుచుకుని ఉంటాయి. కొన్ని మందుల్లో ఫాస్ఫేటు ఉంటుంది, దాంతో అద్దాలకు పాచి పట్టడం అదనం.

నిమ్మరసం, చింతపండు పులుసు, వెనిగర్ కూడా ఇదే బాపతు. హిందూపురం చింతపండుకు ఎంత పేరున్నా చేపల తొట్టిలో దానికి పని లేదు. ఈ పులుపులను బ్యాక్టీరియా రెండు మూడు రోజుల్లో తినేస్తుంది, తినేటప్పుడు నీళ్లలోని ఆక్సిజన్ కూడా లాగేస్తుంది. పీహెచ్ ఎక్కడిదక్కడికే వస్తుంది, నీళ్లు మాత్రం పాలచుక్క పడ్డట్టు మసకేస్తాయి.

మీ నాయన రంగుల గదిలో అసిటిక్ ఆమ్లం ఉందని నాకు తెలుసు, నీ కన్ను దాని మీద పడుతుందనీ తెలుసు. అది అక్కడే ఉండనీ. మా అన్న పీహెచ్ పుస్తకం చదవకపోయినా అది ఆయన చేతిలో ఉన్న విద్య. పచ్చి పట్టు దారం జిగురు వదలాలంటే సబ్బు, సోడా వేసి ఉడికిస్తారు, అది క్షారం పని. అందులో దారం బరువు దాదాపు నాలుగో వంతు పోతుంది. రంగు ఎక్కాలంటే ఆమ్లం కావాలి. ఒకేసారి గుమ్మరిస్తే రంగు మచ్చలు మచ్చలుగా పడుతుందని కొంచెం కొంచెం కలుపుతారు. ఆయన్ను అడుగు, నాకంటే బాగా చెప్తాడు. అయితే ఆయన గిన్నెలో ప్రాణమున్నది లేదు. ఇంకో మాట, సబ్బు, సోడా, రంగు అంటిన చేతులు తొట్టిలో పెట్టొద్దు. తొట్టిని ఆ గది దరిదాపుల్లో ఉంచొద్దు.

పీహెచ్ లెక్క మామూలు లెక్క కాదు. 1909లో కోపెన్‌హాగెన్‌లో సోరెన్‌సెన్ అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని పెట్టాడు. ఆయన పనిచేసింది బీరు కంపెనీ వాళ్ల ప్రయోగశాలలో, పాపం చేపల గొడవే ఆయనకు లేదు. ఇందులో ఒక్క అంకె తేడా అంటే పది రెట్లు, రెండంకెలంటే వంద రెట్లు. దీంతో నీ నియాన్ల కథ తేలిపోతుంది, చూడు. నీ బోరు కేహెచ్ 14 అనుకుందాం. సగం బోరు, సగం ఆర్‌ఓ నీళ్లు కలిపితే కేహెచ్ సరిగ్గా సగమై 7 అవుతుంది. పీహెచ్ మాత్రం సగం కాదు, గాలి బాగా ఆడే తొట్టిలో మహా అయితే 0.3 తగ్గుతుంది. ఒక్క అంకె దించాలంటే కేహెచ్ పదో వంతుకు రావాలి, అంటే తొమ్మిది పాళ్లు ఆర్‌ఓ, ఒక పాలు బోరు. 8.4 నుంచి 6.5కు రావాలంటే ఎనభయ్యో వంతు. అప్పుడిక తొట్టిలో బోరు నీళ్లు ఎక్కడున్నట్టు? పైగా ఇంట్లో ఆర్‌ఓ మెషిను ఒక లీటరు ఇచ్చేలోపు రెండు మూడు లీటర్లు మోరీలోకి పోస్తుంది. మన సీమలో బొటనవేలంత చేప కోసం అంత నీరు పారబోయడం నాకు నచ్చదు. నా చాదస్తం అనుకుంటే అనుకో.

బాత్రూం కొళాయిలకు తెల్ల పొర పట్టకుండా పెట్టే ఉప్పు సాఫ్ట్‌నర్ ఉంటే పని జరుగుతుందేమో అని అడుగుతావు. జరగదు. అది కాల్షియం, మెగ్నీషియం తీసి సోడియం పెడుతుంది. జీహెచ్ అనే గట్టిదనం తగ్గుతుంది, బైకార్బొనేటు ఎక్కడికీ పోదు కాబట్టి పీహెచ్ కదలదు. చేపకు కావలసిన కాల్షియం మాత్రం పోతుంది.

పీహెచ్ దించడం గురించి ఇంత చెప్పాను గానీ, ఎక్కించడం అంతకంటే ప్రమాదం. ఇది చాలామందికి తెలియదు. చేపల రెట్ట, మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. నీళ్లలో అది రెండు రూపాల్లో ఉంటుంది. అమ్మోనియం రూపంలో పెద్ద హాని లేదు. రెండోది అచ్చమైన అమ్మోనియా, మొప్పలను కాల్చేస్తుంది. నీళ్లు 25 డిగ్రీల వేడిలో ఉంటే, పీహెచ్ 7 దగ్గర విషరూపం నూటికి అర పాలు మాత్రమే. 8 దగ్గర ఐదు పాళ్లు దాటుతుంది, 8.5 దగ్గర పదిహేను, 9 దగ్గర ముప్పై ఆరు. మన ఎండాకాలం తొట్టి నీళ్లు ముప్పై డిగ్రీలకు చేరితే ఈ పాళ్లు ఇంకా పెరుగుతాయి.

ఇప్పుడు ఒక ఇల్లు ఊహించుకో. చేపలకు మంచి నీళ్లే పోద్దామని ప్రేమకొద్దీ ప్లాంటు నుంచి వచ్చే ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లే పోస్తుంటారు. అందులో కేహెచ్ దాదాపు ఉండదు. ఫిల్టరులో చేరిన మంచి బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రేటుగా మార్చే పనిలో కేహెచ్‌ను తింటుంది, ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజనికి ఏడు మిల్లీగ్రాములకు పైగానే. కొన్ని వారాలకు ఉన్న కాస్తా అయిపోతుంది, పీహెచ్ 6కు పడుతుంది, అక్కడ బ్యాక్టీరియా పని మానేస్తుంది. అమ్మోనియా పేరుకుంటుంది, కానీ అమ్మోనియం రూపంలో ఉంది కాబట్టి చేపలు ఎలాగో బతుకుతుంటాయి. ఒక సాయంత్రం ఇంటాయన కాగితం ముంచి, రంగు చూసి కంగారుపడి రెండు చెంచాల వంటసోడా వేస్తాడు. పీహెచ్ గంటలో 8కి వెళ్తుంది, పేరుకున్నదంతా విషమవుతుంది. చేపలను చంపింది పులుపు అనుకుంటారు, నిజానికి చంపింది దాని విరుగుడు. పీహెచ్ పడిపోయిన పాత తొట్టిని చూస్తే ముందు అమ్మోనియా పరీక్ష చెయ్యి. తర్వాత రోజుకు పదో వంతు చొప్పున నీళ్లు మారుస్తూ నిదానంగా పైకి తీసుకురా. సోడా వాడక తప్పదనుకుంటే లెక్క ఇది: వంద లీటర్లకు మూడు గ్రాముల వంటసోడా కేహెచ్‌ను ఒక డిగ్రీ పెంచుతుంది. రోజుకు అంతకు మించొద్దు. బట్టల సోడా, సున్నం ముట్టుకోనే వద్దు. అయినా మన బోరు నీళ్లు పోసేవాడికి సోడా అవసరం రావడం కల్ల.

మా హిందూపురంలో నేను చూసే అసలు తంటా వేరే ఉంది. కొళాయిలో వచ్చేవి పెనుకొండ పక్కన గొల్లపల్లి రిజర్వాయరు నీళ్లు, హంద్రీ-నీవా కాలువలో ఎక్కడి నుంచో ప్రయాణం చేసి వచ్చిన కృష్ణమ్మ నీళ్లు. అవి పారే నీళ్లు, ఉప్పు తక్కువ, పైగా క్లోరిన్ ఉంటుంది. అవి రాని రోజున బోరు వేస్తారు. బోరు కూడా దిగిపోతే ట్యాంకరు తెప్పిస్తారు, ఆ నీళ్లు ఎవరి తోటలోవో దేవుడికెరుక. సంపులో మూడూ కలుస్తాయి. ఇంట్లో మనుషులకు ఏమీ తేడా తెలియదు. చేపకు మాత్రం ఈ వారం ఒక ఊరు, వచ్చే వారం ఇంకో ఊరు. మీ ధర్మవరంలోనూ కొళాయి వేరు, బోరు వేరు. ఏదో ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడు. నా మాట వింటే బోరు, కరెంటు ఉన్నన్నాళ్లూ అదే నీరు వస్తుంది. కొళాయి నీళ్లయితే ఒక రోజంతా గాలి పట్టించు, లేదంటే చేపల కొట్లో అమ్మే హైపో పలుకులు వెయ్యి.

బోరు నీళ్లను పట్టిన వెంటనే పరీక్షించొద్దు. వందల అడుగుల లోతులో కార్బన్ డయాక్సైడు ఒత్తిడితో కలిసి ఉంటుంది, అందుకని అప్పుడే పట్టిన నీళ్లలో పీహెచ్ 7.3 కనిపించవచ్చు. బకెట్లో పెట్టి రాత్రంతా గాలి రాయి వదిలి పొద్దున చూస్తే 8.2 అవుతుంది. ఆ రెండోదే నిజమైన అంకె. అలా పెట్టకుండా పైపుతో నేరుగా తొట్టిలో సగం నీళ్లు నింపేవాళ్లు, తమ చేపలు నీళ్లు మార్చిన రోజే ఎందుకు డీలా పడతాయో తెలియక తల పట్టుకుంటారు. మొక్కలు వేస్తే పగలు పీహెచ్ పెరిగి రాత్రి తగ్గుతుంది, కాబట్టి పరీక్ష ఎప్పుడు చేసినా ఒకే వేళకు చెయ్యి. కాగితం కంటే చుక్కల మందు కిట్ నమ్మకం. పెన్నులాంటి మీటరు కొంటే దాంతో వచ్చే 6.86, 9.18 పొడులు కలిపి సరిచూసుకోకపోతే అది చెప్పే అంకెలు గాలిలో మాటలే.

రాళ్ల సంగతి మరిచేపోయాను. తొట్టిలో అందానికి నల్లబండ ముక్కలు పేర్చానన్నావు. అవి మీ ఇంటి గచ్చులో మిగిలిన తాడిపత్రి బండలే కదా? అవి సున్నపురాయి జాతివి. నెమ్మదిగా కరుగుతూ కేహెచ్, జీహెచ్ రెండూ పెంచుతాయి. నువ్వు ఒక పక్క దించాలని చూస్తుంటే అవి ఇంకో పక్క ఎత్తుతున్నాయి. ఏ రాయినైనా ఒక మూల గీకి, ఆ పొడి మీద నిమ్మరసం పిండు. నురగ వస్తే సున్నం ఉన్నట్టు. పెనుకొండ వైపు కంకర మిషన్ల దగ్గర దొరికే బూడిదరంగు గ్రానైటుకు ఏమీ కాదు, అది తెచ్చి కడిగి వేసుకో. కోట మీది రాళ్లు మాత్రం తేవద్దు, అది పురావస్తు శాఖ వాళ్ల సొత్తు. ఏటి ఇసుక వాడితే అందులో నత్తగుల్లలు, సున్నపు గడ్డలు ఏరిపారెయ్యి.

ఇంత చెప్పినా నీకు కాస్త మెత్తటి నీళ్లే కావాలంటే ఒకే దారి. మార్చేదేదో బకెట్లో మార్చు, తొట్టిలో ఏదీ పోయొద్దు. ముందు తొట్టి ఎంతో లెక్కకట్టు. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంపావు ఎత్తయితే మూడు ముప్పావు ఘనపుటడుగులు, ఘనపుటడుగుకు 28 లీటర్లు, అంటే 105. రాళ్లు, ఇసుక, పైన వదిలిన ఖాళీ పోగా తొంభై అనుకో. పెద్ద డ్రమ్ములో రెండు పాళ్లు బోరు, ఒక పాలు ఆర్‌ఓ కలుపు. మిద్దె మీద సున్నం వెయ్యకుండా ఉంటే, మొదటి రెండు వానలు వదిలేసి పట్టిన వాన నీరు ఆర్‌ఓ కంటే చవక. ఒక రాత్రి గాలి పట్టించి, కేహెచ్ చూసి, అంకె రాసిపెట్టుకో. వారానికి పదిహేను లీటర్లు తీసి ఈ నీళ్లు పదిహేను పొయ్యి. రెండు మూడు నెలల్లో తొట్టి మొత్తం ఆ పాళ్లకు వస్తుంది. రోజుకు 0.2 మించి కదలనివ్వకు. కేహెచ్ నాలుగు కిందికి దిగనివ్వకు. ఇళ్ల ముందు గొడుగులా పెరిగే బాదం చెట్టు ఆకులు, రాలి ఎండినవి, రెండు మూడు కడిగి వేస్తే మంచిదే. నీళ్లు టీ రంగులోకి వస్తాయి, చేపలకు హాయి. మన కేహెచ్‌తో వాటివల్ల పీహెచ్ తగ్గుతుందని ఆశపడకు.

ఇంత శ్రమ లేకుండా ఉండాలంటే ఆ నీళ్లు నచ్చే చేపలనే పెంచు. మోలీలు, ప్లాటీలు, స్వోర్డ్‌టెయిల్స్ మెక్సికో, మధ్య అమెరికా వైపు గట్టి నీళ్లలో పుట్టినవి. గప్పీలకూ, గోల్డ్‌ఫిష్‌కూ 8 అంటే లెక్కలేదు. ఆఫ్రికాలో మలావీ సరస్సు పీహెచ్ 7.7 నుంచి 8.6. అక్కడి నీలం, పసుపు సిక్లిడ్‌లకు నీ బోరు పుట్టింటి నీరు. నియాన్లు అమెజాన్ అడవుల నల్లటి మెత్తటి నీళ్లవి. ఇప్పుడు కొట్లలోకి వచ్చేవి ఫారాల్లో పెరిగినవే కాబట్టి 7.5 దాకా ఓర్చుకుంటాయి గానీ, వాటితో మొదలుపెట్టకు.

చేపలు చెన్నై కొళత్తూరు నుంచి వచ్చినవో, బెంగళూరు నుంచి వచ్చినవో కొట్టువాణ్ని అడుగు. దూరం నుంచి వచ్చిన సంచిలో చేప వదిలిన ఊపిరి వల్ల పీహెచ్ పడిపోయి ఉంటుంది, అమ్మోనియా అణిగి ఉంటుంది. సంచి విప్పగానే వాయువు లేచిపోయి పీహెచ్ పెరుగుతుంది, అణిగిన విషం లేస్తుంది. అందుకే విప్పిన సంచిలో చేపను గంటలకొద్దీ ఉంచకూడదు. విప్పకుండా ఇరవై నిమిషాలు తొట్టిలో తేలేసి, విప్పాక వలతో చేపను మాత్రం తీసి వదిలెయ్యి. సంచి నీళ్లు తొట్టిలో పడకూడదు. ఊళ్లోని కొట్లో రెండు వారాలుగా ఉన్న చేప అయితే ఈ కంగారు లేదు. కొట్లో నీళ్లు ఒక సీసాలో అడిగి తెచ్చుకో, కేహెచ్ నీ తొట్టికి దగ్గరగా ఉంటే చాలు, దూరంగా ఉంటే గంటసేపు చుక్కచుక్కగా నీ నీళ్లు కలుపు.

అద్దానికి పట్టిన తెల్ల పొరకు బాత్రూం యాసిడ్ వాడావంటే ఊరుకోను. అదే బకెట్లో ముందురోజు బ్లీచింగ్ పౌడరు కలిపి ఉంటే క్లోరిన్ వాయువు లేస్తుంది, చేపల మాట తర్వాత, నీ ఊపిరితిత్తులు పోతాయి. ఖాళీ తొట్టిని వెనిగర్ గుడ్డతో తుడిచి, కడిగితే చాలు. మందు సీసా పిల్లలకు అందని చోట ఉందో లేదో ఇంకోసారి చూసుకో.

చేపలు ఇంకా కొనొద్దు. తొట్టిని నెల, నెలన్నర వట్టిగా తిరగనివ్వు, రోజూ చిటికెడు మేత వెయ్యి, బ్యాక్టీరియా నిలవాలి. ఈలోగా మీ అమ్మ వచ్చే శనివారం రైల్లో ఇక్కడికి వస్తానంది కదా, ఆమె చేత రెండు సీసాలు పంపు. ఒకదాంట్లో బోరు నుంచి అప్పుడే పట్టిన నీళ్లు, గాలి బుడగ లేకుండా మూతదాకా నింపి బిగించు. రెండోదాంట్లో రాత్రంతా గాలి పట్టించినవి. రెంటి మీదా పట్టిన టైము రాసిపెట్టు. చుక్కల మందు నా దగ్గర ఉంది, కేహెచ్, జీహెచ్ చూసి వదినకు కాగితం మీద రాసిస్తాను.

ఇట్లు,
మీ అత్త